కోడికూర తిన్నాక రాసిన రిపోర్టు

సూర్యాపేటకు మూడుసార్లు రైలు తెచ్చినవాణ్ని నేను. కోదాడకు రెండుసార్లు తెచ్చాను. ఒకసారైతే హైదరాబాద్‌లో ఎక్కినవాణ్ని టీ చల్లారేలోపు బెజవాడలో దింపాను, అదీ గాలి తీసేసిన గొట్టంలో కూర్చోబెట్టి.

ఇది చదివి సూర్యాపేటలో రైల్వే స్టేషన్ ఎక్కడుందా అని ఎవరూ వెతకబోకండి. నేను తెచ్చిన రైళ్లన్నీ బీరువాల్లో ఉన్నాయి. వాటికి పట్టాలు లేవు, కట్టిన దారాలు మాత్రం గట్టివి.

నాది ట్రాఫిక్ సర్వే ఉద్యోగం. ఇంజనీర్లు భూమిని కొలిస్తే మేం మనుషుల్ని లెక్కపెడతాం. ఇంకా రాని రైలుకు ఎంతమంది ఎక్కుతారో, ఉన్న రైలు ఎక్కడ ఆగితే లాభమో, ఎక్కడ ఆగకపోయినా ఎవరూ ఏడవరో రాసి పైకి పంపడం మా పని. ప్రమోషన్ల సంగతి, సన్మానాల సంగతి నేను రాయను. మొదటివి ఆలస్యంగా వచ్చాయి, రెండోవి రాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన నలుగురు పిల్లలు ఫోన్ చేసి, మీ అనుభవాలు రాయండి సార్ అని బతిమాలితే మొదలుపెట్టాను.

నలుగురు కాదు, ఒక్కరే. ఆ అమ్మాయి కూడా బతిమాలలేదు. "రాస్తే ఎవరైనా చదువుతారేమో సార్" అంది, అంతే. ఆమె పేరు స్వప్న. చివర్లో వస్తుంది.

బర్రె ఈనిన మనిషి

మొదటిసారి సూర్యాపేట బస్టాండులో ఫారాల కట్టతో నిలబడ్డప్పుడు నాకు మీసాలు నల్లగా ఉండేవి, తెలివి పచ్చిగా ఉండేది. ఫారంలో ఒకటే ముఖ్యమైన ప్రశ్న: రైలు వస్తే ఎక్కుతారా? పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అడిగాను. ఒక్కడు కూడా ఎక్కనని చెప్పలేదు. నా అంతటి సర్వేయరు లేడనుకున్నాను.

మా పై అధికారి రంగారావు సారు సాయంత్రం వచ్చి ఫారాలు తిరగేశారు. సన్నటి మనిషి, గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. తిట్లు కూడా చెవి దగ్గరికొచ్చి చెప్పేవారు. ఒక ఫారం తీసి, "ఈయన ఇంకా ఇక్కడే ఉన్నాడా?" అన్నారు. ఆత్మకూరు బస్సు కోసం సంచి మీద కూర్చున్న ఒక రైతును చూపించాను. సారు వెళ్లి ఆయన పక్కనే చతికిలబడ్డారు.

"పెద్దాయనా, నిన్న ఎక్కడికెళ్లావు?"

"నిన్ననా? యాడికి పోలే సారూ. బర్రె ఈనింది."

"మొన్న?"

"మొన్న ఈనేటట్టున్నది. గందుకని పోలే."

"పోయిన నెల హైదరాబాద్ ఏమైనా వెళ్లావా?"

"నాకేం పని సార్ గాడ? మా తోడల్లుడు ఉంటడు. వాడే వస్తడు, వానికి పాలు గావాలె గద."

"మరి రైలొస్తే ఎక్కుతానని చెప్పావట?"

రైతు నా వైపు జాలిగా చూశాడు. "ఎక్కనంటే బాగుంటదా సార్? పిలగాడు పొద్దటి సంది ఎండల నిలబడి అడుగుతుండె."

సారు లేచి నా చెవి దగ్గరికొచ్చారు. "ఈయన్ని నువ్వు రోజూ హైదరాబాద్ పంపిస్తున్నావయ్యా. పాపం, బర్రె దగ్గర ఎవరుంటారు?" అని, ఈ ఉద్యోగంలో నాకు పనికొచ్చిన ఒకే ఒక్క మాట చెప్పారు. "రేపటి సంగతి అడగకు. నిన్నటి సంగతి అడుగు. రేపు ఎవడైనా ఎక్కడికైనా పోతాడు. నిన్న పోయినవాడే ప్రయాణికుడు."

మన వైపు అడిగినవాడి మొహం మీద కాదనడం మర్యాద కాదు. పెళ్లికి పిలిస్తే వస్తాననాలి, రైలుకు పిలిస్తే ఎక్కుతాననాలి. ఆ మర్యాదను ప్రయాణికుల సంఖ్యగా రాసుకోవడమే మా వృత్తిలో మొదటి పాపం. పిల్లలూ, దీన్ని గోడ మీద రాసి పెట్టుకోండి.

నేను పెట్టుకున్నాను. కానీ రిపోర్టులో మాత్రం ఆ మొదటి లెక్కే వేశాను. సారుకు అప్పటికి బదిలీ అయింది. సూర్యాపేట అంత ఊరికి రైలు లేకపోవడం అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. న్యాయం కోసం అబద్ధం రాస్తే తప్పేమిటనుకున్నాను. పైన చూసిన అధికారి, "ఊళ్లో ఉన్న జనం కంటే రైలెక్కే జనం ఎక్కువున్నారేమిటి?" అని ఫైలు విసిరికొట్టాడు.

విసరలేదు లెండి. "కొంచెం ఎక్కువగా ఉన్నట్టుంది" అని పక్కకు పెట్టాడు. పక్కకు పెట్టిన ఫైలు, విసిరిన ఫైలు చేరేది ఒకే బీరువా.

అల్లుణ్ని నిద్ర లేపరాదు

పెంచి రాసిన లెక్కల వల్ల ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. రాని రైలు రాకుండా ఉండిపోయింది, అంతే. అసలు నష్టం నేను తగ్గించి రాసిన ఒక్క లెక్క వల్ల జరిగింది.

రిటైరవడానికి మూడేళ్ల ముందటి మాట. టికెట్లు అమ్ముడుపోని చిన్న హాల్టుల జాబితా ఒకటి నా చేతికొచ్చింది. వెళ్లి చూసి, అక్కడ పాసింజరు బండి ఆగడం అవసరమో కాదో రాయాలి. జాబితాలో ఒక హాల్టు వేములపల్లి అవతలిది, మా అత్తగారి ఊరు. హాల్టు అంటే స్టేషన్ మాస్టరు ఉండడు. ఒక రేకుల షెడ్డు, ఒక కిటికీ, కమిషన్ మీద టికెట్లు అమ్మే ఊరి మనిషి ఒకడు, అంతే. అక్కడ ఆ మనిషి మా బావమరిది యాదగిరి.

నిజాయితీ ఉన్నవాడైతే, ఇది నా అత్తగారి ఊరు, ఇంకొకర్ని పంపండి అని చెప్పాలి. నేను జీపు బయటికి తీయించాను. సర్కారు జీపులో అత్తగారింటికి పోయే అవకాశం మళ్లీ రాదు.

రాత్రి నాటుకోడి కూర వండారు. ఊరల్లుడికి చేసే మర్యాద మీకు తెలియంది కాదు, అందులోనూ జీపులో వచ్చిన అల్లుడు. "పొద్దున ఆరింటి బండికి ఎంతమంది ఎక్కుతరో లెక్కపెట్టాలె. నన్ను లేపు యాదగిరీ" అన్నాను. "సరే బావా" అన్నాడు యాదగిరి. సూర్యాపేటలో ఇన్నేళ్లు సర్వే చేసిన నాకు ఆ సరే విలువ తెలిసుండాల్సింది.

ఎవరూ లేపలేదు. కళ్లు తెరిచేసరికి ఎండ మంచం కోళ్ల దాకా వచ్చింది.

"ఎందుకు లేపలేదురా?"

"అల్లుణ్ని నిద్రల నుంచి ఎవలు లేపుతరు బావా? అమ్మ కోప్పడదా?"

"మరి బండి?"

"పోయింది."

"ఎంతమంది ఎక్కిండ్రు?"

"నాకేం తెలుసు? నేను గూడ పండుకున్న."

టికెట్ల పుస్తకం తెప్పించి చూశాను. పొద్దుటి బండికి ఒక్క టికెట్ కూడా తెగలేదు. అంతకుముందు రోజూ లేదు, ఆ వారమంతా లేదు. ఇంకేం, అనుమానమే లేదు. మిగిలిన కూరతో రెండు జొన్నరొట్టెలు తిని, మంచం మీద కూర్చునే రిపోర్టు రాశాను. "మూడు రోజుల పాటు స్వయంగా పరిశీలించగా ఈ హాల్టులో ఎక్కు ప్రయాణికులు దాదాపు లేరు."

మూడు రోజులు కాదు, ఒక్క రాత్రి. పరిశీలించినది కోడిని.

మూడు నెలల్లో ఆ బండి అక్కడ ఆగడం మానేసింది. పొద్దున పోయేదీ, సాయంత్రం వచ్చేదీ రెండూ. యాదగిరి షెడ్డుకు తాళం వేసి, "పోనియ్ బావా, పొద్దుగాల లేసే బాధ తప్పింది" అన్నాడు. ఏనాడూ లేవనివాడు.

గొట్టం

రిటైరయ్యాక మా ఆవిడ పట్టుబట్టి ఆ ఊళ్లోనే రెండు గదుల ఇల్లు కట్టించింది. నాకు ఇష్టం లేదు. ఎందుకో చెప్పుకోలేను కాబట్టి ఒప్పుకున్నాను.

ఇంటి ముందు కూర్చుంటే పొద్దున ఆరింటికి పాసింజరు కూత వేసుకుంటూ ఆగకుండా పోవడం కనిపించేది. అదే సమయానికి ఊళ్లోంచి ముప్పై మంది దాకా ఆడవాళ్లు టిఫిను డబ్బాలతో మెయిన్ రోడ్డు మీదికి నడిచేవారు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పని చేసేవాళ్లు. ఎనిమిదికి మిల్లు గేటు వేస్తారు. ఒక్కో ఆటోలో పది మంది, పన్నెండు మంది ఎక్కి, డ్రైవరుకు అటొకరు ఇటొకరు వేలాడుతూ పోయేవారు. వాళ్ల పెద్ద సైదమ్మ. వయసులో నాకంటే ఐదారేళ్లు చిన్నది, వరసకు అత్త. ఆమె ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంకరగా ఉండేది. ఆటోలోంచి జారిపడితే విరిగి అలా అతుక్కుందని మా ఆవిడ చెప్పింది. ఎప్పుడని అడిగాను. బండి ఆగడం మానేసిన ఏడాదే అంది. అంతకుమించి నేనేమీ అడగలేదు.

వీళ్లంతా అంతకుముందు దేంట్లో పోయేవారు? బండిలోనే. ఆ పుస్తకంలో లేని ప్రయాణికులు వీళ్లే. టికెట్ లేకుండా పోయేవారనుకుని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

అప్పుడే హైదరాబాద్ నుంచి ఫోన్. ఏదో కంపెనీ, పేరెందుకు, మా ఇంట్లో గొట్టం కంపెనీ అనేవాళ్లం. విమానాన్ని ఓడించే బండి హైవే పక్కనే స్తంభాల మీద గొట్టంలో పోతుందట. దారిలో ఊళ్లు తెలిసిన పాత సర్వేయరు కావాలట. ప్రపంచంలో ఇంతమంది ఉండగా నన్నే వెతుక్కుంటూ వచ్చారు.

అంతకుముందు ముగ్గురిని అడిగారు. వాళ్లు రామన్నారు.

కంపెనీ తరఫున వచ్చినాయన పేరు అభినవ్. మంచివాడు. కోపం రాదు, అనుమానం రాదు, రెండూ లేనివాడితో పని సులువు. ఫారం చూపించాడు. ఒకటే ముఖ్యమైన ప్రశ్న: ఇరవై నిమిషాల్లో హైదరాబాద్ చేరే బండి వస్తే ఎక్కుతారా? నలభై ఏళ్ల తర్వాత అదే ప్రశ్న కోటు వేసుకుని వచ్చింది.

"నిన్న ఎక్కడికి పోయారని అడగొద్దా?" అన్నాను.

"నిన్న ఈ టెక్నాలజీ లేదు కదా సార్" అన్నాడు.

సూర్యాపేట బస్టాండులో మళ్లీ నిలబడ్డాను. మందుల చీటీ పట్టుకుని హైదరాబాద్ బస్సు కోసం చూస్తున్న ఒక ముసలాయన్ని అడిగాను.

"ఇరువై నిమిషాలల్ల పోతదా?"

"పోతది."

"పోయి ఏం జెయ్యాలె సారూ? గాడ దవాఖానల లైను నాలుగు గంటలు. గా లైను ఉరికిచ్చే బండేదన్న ఉంటే జెప్పు, ఎక్కుత."

అభినవ్ అడిగాడు, "ఏమన్నాడు సార్?" "ఎక్కుతాడట" అన్నాను. రాసుకున్నాడు.

కోదాడలో టిఫిన్ సెంటరాయన దోసె తిప్పుతూనే మాట్లాడాడు.

"బెజవాడ పది నిమిషాలా? ఎక్కుతామండీ, ఎందుకెక్కం. మా బావగారు వాళ్లది ఆ పక్కే. అయితే ఒకటండి, కోదాడలో ఆగుద్దా?"

నేను అభినవ్ వైపు చూశాను. అభినవ్ దోసె వైపు చూస్తూ చెప్పాడు.

"మొదటి దశలో ఆగదు. ఆగితే ఆ వేగం రాదు. తర్వాత దశలో పరిశీలిస్తారు."

"మరి ఆగని బండికి ఎక్కుతారా అని మమ్మల్నెందుకండీ అడుగుతున్నారు? పైనుంచి పోయేదాన్ని చూసి చెయ్యి ఊపమంటే ఊపుతాం. ప్లేటు నలభై రూపాయలండి."

ఆయన్నీ ఎక్కించాం. ఆ సర్వేలో నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరి పెళ్లికో పోయే బస్సు మొత్తాన్ని దినసరి ప్రయాణికులుగా రాశాను. మా ఇంటికొచ్చిన చుట్టాలను రాశాను. చివరికి అందమైన పుస్తకం అచ్చయింది. అందులోని పటంలో సూర్యాపేట, కోదాడల మీద చుక్కల గీతతో రెండు సున్నాలు చుట్టారు. ఎక్కేవాళ్లంతా ఆ సున్నాల్లో ఉన్నారు, బండి వాటి మీదుగా పోతుంది. కొన్నాళ్లకు అభినవ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. పుస్తకం కాగితం మాత్రం మందపాటిది. మా ఆవిడ పచ్చడి జాడీల మీద మూతలకు వాడింది.

కొత్త వేగాలంటే నాకు ద్వేషం లేదు. రేపు నిజంగానే గొట్టంలో మనుషులు పోవచ్చు, నేనెవర్ని కాదనడానికి. కానీ ఒక బండి గురించి ఎవరైనా చెప్పినప్పుడు ఎంత వేగమని అడిగే ముందు ఆ టిఫిన్ సెంటరాయన ప్రశ్న అడగండి. ఆగుద్దా?

సొరకాయ

ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీలు ఏ పుణ్యాన ఫలించాయో, మా హాల్టులో పాసింజరు మళ్లీ ఆగుతుందని కబురొచ్చింది. ఆరు నెలలు ప్రయోగంగా ఆగుతుంది. ప్రయాణికులుంటే కొనసాగుతుంది, లేకపోతే ఖతం, ఇక జన్మలో ఆగదు.

నా పలుకుబడితోనే వచ్చిందని ఊళ్లో చెప్పుకున్నాను. ఢిల్లీ దాకా ఫోన్ కొట్టానన్నాను. నిజానికి నేను ఫోన్ కొట్టింది గ్యాసు బండకు. సైదమ్మ తన దొడ్లో కాసిన సొరకాయ తెచ్చి మా గడపలో పెట్టిపోయింది. నేను పులుసు పెట్టించుకు తిన్నాను.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం షికారుగా హాల్టు దాకా వెళ్లాను. బండి ఆగింది. ఆడవాళ్లు దిగారు. దిగగానే సైదమ్మ వంకర చేతిలో టికెట్ల కట్ట పట్టుకుని ఒక్కొక్కరికీ పంచుతోంది.

"దిగినంక టికెట్లేంది అత్తా?"

"ఇవి రేపు పొద్దుగాలటియి అల్లుడా. రానుపోను కలిపి మిర్యాలగూడలనే తీసుకుంట, ఒక్కసారే లైన్ల నిలబడి అందరికి. ఈడ పొద్దుగాల నీ బామ్మర్ది కిటికి తీస్తడా ఏంది? ఎప్పటి సంది గిట్లనే."

సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. టికెట్ లేకుండా పోయేవారనుకున్నాను చూడండి, ఒక్కరోజు కూడా అలా పోలేదు. రోజూ టికెట్ కొన్నారు. కాకపోతే కొన్నది మిర్యాలగూడలో. కాగితం ప్రకారం వాళ్లంతా మిర్యాలగూడ ప్రయాణికులు. మా హాల్టు పుస్తకం అప్పుడూ ఖాళీ, ఇప్పుడూ ఖాళీ. ఆరు నెలలు నిండేలోపు నాలాంటివాడొకడు వస్తాడు, పుస్తకం చూస్తాడు, దాదాపు లేరు అని రాస్తాడు.

"అత్తా, ఇట్ల కొంటే ఈ ఊరి నుంచి ఎవ్వరు ఎక్కుతలేరని రాసుకుంటరు."

"ఎక్కుతున్నం గద?"

"కాగితం మీద ఎక్కుతలేరు."

"బండి ఉండంగ కాగితం మీద ఎందుకెక్కుత అల్లుడా?"

మిగతావాళ్లు నవ్వుకుంటూ ఊళ్లోకి నడిచారు. ఆమె నవ్వలేదు. నా పక్కన బల్ల మీద కూర్చుంది.

"బండి మళ్ల పోతే నేను మిల్లు మానుడే. ఈ చెయ్యితోని ఆటోకు ఏలాడలేను. ఇంకెవలు పెట్టుకుంటరు నన్ను? నిజం జెప్పు, గట్ల రాసుకుంటరని నీకెట్ల తెలుసు?"

ముప్పై ఏడేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అడగని సూటి ప్రశ్న అది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, ఆ విద్య నాకు బాగా వచ్చు. మణికట్టు కంటి ముందే ఉంది.

"పోయినసారి రాసింది నేనే అత్తా."

"తెలుసు" అంది.

"తెలుసా?"

"జీపుల వస్తివి. కోడికూర తింటివి. ఎండ పొడిచేదాక పంటివి. లేసి రాసుకపోతివి. మూడు నెలలకు బండి బందాయె. ఊళ్లె ఎవలకు తెల్వది?"

"మరి ఒక్కరన్న వచ్చి అడగొద్దా? తప్పు రాసినవని చెప్పొద్దా?"

"ఊరల్లుణ్ని నిద్ర లేపుడే తప్పాయె. తప్పు రాసినవని ఎవలు లేపుతరు?"



"మరి సొరకాయ ఎందుకిచ్చినవ్?"

"కాసింది, ఇచ్చిన" అని లేచింది. "ఉరికే బండి ఏదన్న ఉరుకుతది. ఆగే బండి ఒక్కటే ఉన్నది మాకు. ఏం జెయ్యాల్నో జెప్పు."

చేయాల్సింది చాలా చిన్న పని. టికెట్లు ఇక్కడ కొనాలి. దానికి యాదగిరి లేవాలి. ఆ బాధ్యత మా ఆవిడ తీసుకుంది. మర్నాడు ఐదింటికే వెళ్లి తమ్ముడి మీద చెంబెడు నీళ్లు పోసింది. "అల్లుణ్ని లేపొద్దన్నరు గాని, తమ్ముణ్ని లేపొద్దని ఎవ్వరు చెప్పలే" అంది. మూడో రోజు నుంచి చెంబు చూపిస్తే చాలింది. ఆనాటి నుంచి ఆడవాళ్లు కిటికీ దగ్గర వరసలో నిలబడి టికెట్ కొన్నారు. పొద్దున్నే అదనంగా పావుగంట ముందు ఇంట్లోంచి బయలుదేరాల్సి వచ్చింది. ఆ పావుగంట నిద్ర నా రిపోర్టు ఖాతాలోదే.

లెక్క

ఆరో నెలలో అధికారి వస్తున్నట్టు తెలిసింది. సరిగ్గా అదే వారం ధాన్యం లేక రెండు మిల్లులు మూతపడ్డాయి. రోజూ ముప్పై మంది ఎక్కే చోట పదహారు మందే మిగిలారు. పాత విద్య లేచి కూర్చుంది.

సైదమ్మకు చెప్పకుండా నేనొక పని చేశాను. మంగలి వెంకన్న, ఎరువుల దుకాణం గుమస్తా, యాదగిరి పేకాట జట్టు, ఇలా పద్నాలుగు మందిని కూడేసి, ఆరోజు పొద్దున టికెట్లు కొనిచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబెట్టాను. సంచులు కూడా ఇచ్చాను. కొన్నింట్లో దిండ్లున్నాయి.

జీపు రాలేదు. అధికారి ముందు స్టేషన్లో బండెక్కి వచ్చి, మా హాల్టులో దిగింది. స్వప్న. ఐదేళ్ల కిందట ట్రైనింగులో నా దగ్గర పాఠం విన్న అమ్మాయి. ఆ పాఠంలో, నిన్నటి సంగతి అడగండి అని నేను గంభీరంగా చెప్పాను. ఆ మాట నాదేనని కూడా చెప్పాను. రంగారావు సారు ప్రస్తావన తేలేదు.

నన్ను చూసి నమస్కారం పెట్టింది. గార్డుతో మాట్లాడి బండిని నాలుగు నిమిషాలు ఎక్కువ ఆపించింది. తిన్నగా వెంకన్న దగ్గరికి వెళ్లింది.

"నిన్న ఎక్కడికెళ్లారండీ?"

"నిన్ననా మేడమ్? యాడికి పోలే. గీ సారుకే కటింగ్ చేసిన."

గుమస్తా దుకాణంలో ఉన్నాడు. పేకాట జట్టులో ఒకడు, "నిన్న సంది పండుకునే ఉన్న, ఇప్పుడే సార్ లేపిండు" అన్నాడు. ఊళ్లో అందరికీ మర్యాద తెలుసు, ముందుగా నేర్పని ప్రశ్నకు అబద్ధం మాత్రం తెలియదు.

తర్వాత స్వప్న సైదమ్మ దగ్గరికి వెళ్లింది.

"నిన్న?"

"మిల్లుకు."

"మొన్న?"

"మొన్న మిల్లుకే, అటు మొన్న మిల్లుకే. రెండు మిల్లులు బందున్నయి బిడ్డా, గందుకని సగం మంది రాలే. ఇగో, గీ దిండ్ల సంచులోళ్లు మా మనుషులు గాదు. మా అల్లుడు తెచ్చిండు. కొట్టేయ్. మాకు మేమున్నం."

స్వప్న కాగితం మీద పద్నాలుగు గీతలు గీసింది. తర్వాత కిటికీలోంచి పుస్తకం తీసుకుని వెనక్కి తిరగేసింది. నాలుగున్నర నెలలుగా, రోజూ పొద్దుటి బండికి తెగిన టికెట్లు. చూసి, నా పక్కకొచ్చి మెల్లగా అంది. గొంతు పెంచకపోవడం కూడా రంగారావు సారులాగే.

"సార్, ఈ పుస్తకం చాలు. మీ దిండ్లు చూశాక దీన్ని కూడా అనుమానించాల్సొచ్చింది. ఆమె నిజం చెప్పకపోతే ఇది కూడా మీరే నింపించారని రాసేదాన్ని."

అంటే ఒకసారి తక్కువ రాసి తీసేసిన బండిని, రెండోసారి ఎక్కువ చూపించి తీసేయబోయాను. రెండుసార్లూ మధ్యలో ఉన్నది సైదమ్మే.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు బండి ఆగును. మా శాఖలో అంతకంటే శాశ్వతమైన మాట లేదు.

ఆనాటి లెక్కలో పదిహేడో పేరు నాదని నేను అందరికీ చెబుతుంటాను. పదహారు మంది ఆడవాళ్లు, ఒక పెద్దమనిషి. అది నిజం కాదు. స్వప్న నన్ను కూడా అడిగింది.

"మీరు నిన్న ఎక్కడికెళ్లారు సార్?"

"ఇంట్లోనే ఉన్నానమ్మా."

నా పేరూ కొట్టేసింది.

మర్నాడు పొద్దున ఐదున్నరకే కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. రిటైరైనవాళ్లకిచ్చే పాసు జేబులోనే ఉంది, దాన్ని తీయలేదు. ఇన్నేళ్లలో నా కోసం నేను కొన్న మొదటి రైలు టికెట్ అది. మిర్యాలగూడలో నాకు పనేమీ లేదు. అక్కడ దిగాక ఆడవాళ్లు మిల్లు వైపు తిరిగితే నేను చాయ్ బండి వైపు తిరగాలి. విడిపోయే చోట సైదమ్మ ఆగింది.

"రేపు గూడ వస్తవా అల్లుడా?"

"రేపటి సంగతి అడగకత్తా. ఎల్లుండి అడుగు, నిన్న వచ్చిన్నో లేదో చెప్త."